రాతి మెట్ల మీద ఒక రాత్రి: వెరోనా అరీనాలో ఒపెరా చూడాలంటే

ఒపెరా అంటే పాటలతోనే నడిచే నాటకం. దాన్ని చూడటానికి మొదటిసారి వెరోనాకి నేను సినిమాకి వెళ్ళినట్టు వెళ్ళాను. జేబులో ఫోను, పర్సు, టికెట్టు ప్రింటు. అంతే. వట్టి రాయి మీద గంట కూర్చునేసరికి నడుము పట్టేసింది. కథ ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో అంకం మొదలవకముందే వాన పడింది, డబ్బులు వెనక్కి రాలేదు. రెండేళ్ళ తర్వాత, మ్యూనిక్‌లో మా దగ్గర ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి దిండ్లు, శాలువాలు, పులిహోర డబ్బా, ముందే చెప్పి ఉంచిన కథ, అన్నీ ఉన్నాయి. అవే మెట్లు, అదే రాయి. కానీ మా నాన్న ఇప్పటికీ తెనాలిలో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ రాత్రి గురించి చెబుతూనే ఉన్నారు.

ఆ రెండు ప్రయాణాల మధ్య నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. సంగీత జ్ఞానం గురించి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు. నాకే లేదు.

అసలు అక్కడ ఏముంది

ఇటలీకి ఉత్తరాన, మిలాన్‌కీ వెనిస్‌కీ మధ్య ఉన్న ఊరు వెరోనా. ఊరి నడిబొడ్డున పియాజ్జా బ్రా అనే పెద్ద కూడలి, దాన్ని ఆనుకుని అరీనా. క్రీ.శ. 1వ శతాబ్దం తొలి సగంలో రోమన్లు గ్లాడియేటర్ల పోట్లాటల కోసం కట్టారు. కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ మెట్లు, మధ్యలో ఇసుక పరిచిన నేల. లాటిన్‌లో 'అరీనా' అంటేనే ఇసుక. 1117 జనవరిలో వచ్చిన భూకంపానికి బయటి గోడ దాదాపు మొత్తం కూలిపోయి, నాలుగు కమానుల ముక్క ఒకటి మిగిలింది. ఊళ్ళోవాళ్ళు దాన్ని 'అలా' అంటారు, రెక్క అని అర్థం. కాబట్టి ఇవాళ మీరు చూసి ఫోటో తీసుకునే గుండ్రటి గోడ నిజానికి లోపలి వరస. మిగతా రాయి మధ్యయుగాల్లో ఊళ్ళో ఇళ్ళకీ గోడలకీ వెళ్ళిపోయింది.

మెట్ల రంగస్థలం మనకి కొత్తేమీ కాదు. నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలం నాటిది ఒకటి బయటపడింది. సాగర్ నీళ్ళలో మునిగిపోకుండా దాన్ని తీసుకొచ్చి అనుపులో మళ్ళీ పేర్చారు. అది చిన్నది, నలుచదరంగా ఉంటుంది. వెరోనాది చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి. ఈ కొస నుంచి ఆ కొసకి వంద మీటర్ల పైమాటే. ఒపెరా రాత్రి వేల మంది కూర్చుంటారు.

ఇక్కడ ఒపెరా మొదలైంది 1913 ఆగస్టు 10న. సంగీతకర్త వెర్డీ పుట్టి వందేళ్ళయిన సందర్భంగా, ఆ ఊరి దగ్గరే పుట్టిన గాయకుడు జొవాన్ని జెనటెల్లో పూనుకుని వెర్డీ 'ఐదా'ను ఆడించాడు. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో ఆగింది. 1947లో ప్రసిద్ధ ఒపెరా గాయని మరియా కల్లాస్ ఇటలీలో మొదటిసారి పాడింది ఈ రాళ్ళ మధ్యే. 2023లో నూరో ఉత్సవం జరిగింది.

ముందు ఒపెరాను ఎంచుకోండి, తేదీ తర్వాత

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ముందు విమానం టికెట్లు, హోటలు తీసేసుకుని, ఆ రోజు ఏముంటే అది చూస్తారు. నేనూ అంతే చేశాను.

సీజన్ జూన్ మధ్యలో మొదలై సెప్టెంబర్ మొదటి వారాల దాకా ఉంటుంది. ఒకే ఒపెరాను వరసగా ఆడరు. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి. అంత పెద్ద సెట్లను లోపల దాచే చోటు లేక గోడ బయట, వీధిలోనే పెడతారు. పగలు వెళితే క్రేన్ ఒకటి పెద్ద స్ఫింక్స్ బొమ్మను (సింహం ఒళ్ళు, మనిషి తల) గాల్లోకి లేపి గోడ మీదుగా లోపలికి దించడం కనిపిస్తుంది. పిల్లలుంటే ఆ దృశ్యానికే సగం డబ్బులు గిట్టుబాటు. ఇలా రోజుకొకటి మారడం వల్ల మనకి ఒక లాభం ఉంది. ఊళ్ళో మూడు రాత్రులు ఉంటే రెండు వేర్వేరు ఒపెరాలు చూడొచ్చు, ఒకటి వానకి పోయినా ఇంకొకటి చేతిలో ఉంటుంది.

ఏది చూడాలి? మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా ఓటు 'ఐదా'కో 'నబుక్కో'కో. ఈ రంగస్థలం బ్రహ్మాండమైనది. వందల మంది సైన్యం, ఊరేగింపులు, బృందగానాలు ఉన్న కథలకి ఇది సరిపోతుంది. ఈ అరీనాలో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆడినదీ 'ఐదా'నే. 'కార్మెన్' కూడా బాగుంటుంది. ఎద్దుల పోరు, సంత, గొడవ, అన్నీ ఉంటాయి. అది ఫ్రెంచిలో ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

'లా త్రావియాతా' గొప్ప ఒపెరానే, కాదనను. కానీ అది ఒక గదిలో, మంచం మీద, క్షయతో పోతున్న ఒక ఆడమనిషి కథ. ఆమె దగ్గు వంద మీటర్ల దూరం నుంచి ఏం కనిపిస్తుంది? అలాంటివి నాలుగు గోడల థియేటర్‌లో చూడటమే మేలు. ఈ మాట ఒప్పుకోని వెరోనా ప్రేమికులు చాలామంది ఉన్నారు.

కథ చదువుకోండి. నిజంగా చదువుకోండి

పద్యనాటకం చూసే మన పెద్దవాళ్ళకి కథ ముందే తెలుసు. రాయబారంలో కృష్ణుడు ఏమంటాడో తెలియక ఎవరూ వెళ్ళరు. ఎలా పాడతాడో వినడానికి వెళతారు. ఒపెరాకి కూడా అలాగే వెళ్ళాలి. తర్వాత ఏమవుతుందో అని చూస్తూ కూర్చుంటే విసుగొస్తుంది, ఎందుకంటే ఒకే మాటను నాలుగు నిమిషాలు పాడతారు.

అమ్మానాన్నలకి రైల్లో 'ఐదా' కథ ఇలా చెప్పాను: ఐదా ఇథియోపియా రాజకూతురు, ఈజిప్టులో బానిసగా చిక్కింది. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఈజిప్టు సేనాపతి రాడమెస్ ఆమెను ప్రేమిస్తాడు. ఫారో కూతురు ఆమ్నెరిస్ రాడమెస్‌ను కోరుకుంటుంది. అతను యుద్ధం గెలిచి వస్తాడు, బందీల్లో ఐదా తండ్రి ఉంటాడు. నైలు ఒడ్డున తండ్రి కూతురిని నిలదీస్తాడు: ఈజిప్టు సైన్యం ఏ దారిన వెళుతుందో రాడమెస్ నోటి నుంచి రాబట్టు. ఆమె రాబడుతుంది, దాక్కున్న తండ్రి వింటాడు, రాడమెస్ దేశద్రోహి అయిపోతాడు. అతన్ని సజీవంగా సమాధి చేస్తారు. చీకట్లో చూస్తే ఐదా ముందే వచ్చి ఆ సమాధిలో దాక్కుని ఉంటుంది.

అమ్మ అంతా విని, "ఆ ఫారో కూతురి పరిస్థితేంట్రా పాపం?" అంది. చివరి సీనులో పైన కూర్చుని ఏడ్చేది ఆమ్నెరిసే. కథ చదవనివాళ్ళు ఎవరీ అమ్మాయి అనుకుంటారు.

రెండు చోట్ల చెవులు రిక్కించండి. రాడమెస్ పాత్రధారి తన కష్టమైన పాటను నాటకం మొదలైన కాసేపటికే, గొంతు ఇంకా వేడెక్కకముందే పాడాలి. ఆలస్యంగా వస్తే అది పోయినట్టే. రెండో అంకంలో పొడవాటి బాకాలతో విజయయాత్ర వస్తుంది, అది ఎలాగూ ఎవరూ మిస్సవరు. కథతో పాటు ఆ రెండు చోట్లూ యూట్యూబ్‌లో ఒకసారి విని వెళ్ళండి. ఒక్కసారి విన్న పాట ఆ రాత్రి చుట్టంలా పలకరిస్తుంది.

సీటు: డబ్బు పెట్టాల్సిన చోటు, పెట్టకూడని చోటు

టికెట్లను ఈ ఒపెరాలు ఆడించే అరీనా ఫౌండేషన్ తన వెబ్‌సైట్‌లో తనే అమ్ముతుంది. గూగుల్‌లో వెతికితే పైన వేరే అమ్మకందారులు వస్తారు, అదే సీటుకి కమిషన్ కలిపి. నేను మొదటిసారి అలాగే ఒకరి దగ్గర కొని, టికెట్టు మీదున్న ధర కన్నా బాగా ఎక్కువ ఇచ్చుకున్నాను. వచ్చే ఏడాది సీజన్ టికెట్లు చాలా నెలల ముందే అమ్మకానికి వస్తాయి. ముప్ఫై ఏళ్ళలోపు వాళ్ళకీ అరవై ఐదు దాటినవాళ్ళకీ కొన్ని రోజుల్లో కొన్ని చోట్ల తగ్గింపు ఉంటుంది. నాన్నకి అలా తగ్గింది.

సీట్లు స్థూలంగా రెండు రకాలు. కింద, ఒకప్పుడు ఇసుక ఉన్న చోట, కుర్చీలు వేస్తారు. ముందు వరసలని 'పొల్త్రోనిస్సిమా' అంటారు. మంచి రాత్రుల్లో ఇవి మూడు వందల యూరోలు కూడా దాటుతాయి. వీటి చుట్టూ లేచేవి మెట్లు, 'గ్రదినాతా'. మెట్లలో కింది భాగంలో రాతికి బిగించిన సీట్లుంటాయి, పై భాగంలో వట్టి రాయే. పై మెట్ల మీద ముప్ఫై, నలభై యూరోలకి కూడా చోటు దొరుకుతుంది.

నా సలహా రాతి మెట్లే, అందులోనూ వేదికకి ఎదురుగా ఉండే భాగం. ఎందుకో చెబుతాను. కింద కుర్చీలో కూర్చుంటే గొంతులు బాగా వినిపిస్తాయి, ముఖాలు కనిపిస్తాయి, నిజమే. కానీ నేల దాదాపు చదును కాబట్టి ముందున్న పొడుగు మనిషి తల కూడా కనిపిస్తుంది. పైన రాతి మీద నుంచి వేదికంతా ఒక పటంలా పరుచుకుంటుంది. ఊరేగింపు ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో తెలుస్తుంది. వెనక ఊరి గోపురాలు, పైన ఆకాశం. ఈ కట్టడం ఎందుకు కట్టారో పైనుంచి చూస్తేనే అర్థమవుతుంది.

పక్క భాగాల్లో ధర ఇంకా తగ్గుతుంది, వేదికకి దూరమూ తగ్గుతుంది. కానీ సెట్ ఒక పక్క కనిపించదు, గాయకులు అటు తిరిగితే గొంతు కూడా అటే పోతుంది. ఇక్కడ సంప్రదాయంగా మైకులు వాడరు. మనిషి గొంతు, వాద్యాలు, రాయి, అంతే. ఎదురు మెట్ల మీదైతే నెమ్మదిగా పాడినవి కూడా అందుతాయి, కాస్త చెవి ఒగ్గాలి. మొదటి పది నిమిషాలు "ఏంటి, వాల్యూమ్ ఇంత తక్కువ?" అనిపిస్తుంది. తర్వాత చెవి అలవాటు పడుతుంది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మాత్రం పై మెట్లు వద్దు. ఒక్కో మెట్టు మోకాలెత్తు. నలభైకి పైగా వరసలు, పైదాకా పట్టుకోవడానికి అన్ని చోట్లా ఏమీ ఉండదు. మా అమ్మను దృష్టిలో పెట్టుకుని బిగించిన సీట్లున్న కింది మెట్లు తీసుకున్నాను. నడవలేనివాళ్ళకి, చక్రాల కుర్చీ వాళ్ళకి విడిగా చోట్లున్నాయి, బుక్ చేసేటప్పుడే అడగాలి. చిన్న పిల్లలతో వెళితే ఎంత వయసు నుంచి రానిస్తారో టికెట్టు కొనేముందే చూసుకోండి. రాత్రి ఒంటిగంట దాకా ఏ పిల్లా మెలకువగా ఉండదు కూడా.

టికెట్టు మీద గేటు నంబరు ఉంటుంది. కట్టడం గుండ్రంగా ఉంటుంది కాబట్టి తప్పు గేటు దగ్గర నిలబడితే చుట్టూ తిరిగి రావాలి. పగలే ఒకసారి చూసిపెట్టుకోండి.

చేరుకోవడం

భారతదేశం నుంచి వచ్చేవాళ్ళకి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) కావాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. వెరోనా ఒక రాత్రి, పారిస్ ఆరు రాత్రులైతే అది ఫ్రాన్స్ పని. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరక్క అందరూ టెన్షన్ పడతారు, కాబట్టి మార్చిలోనే మొదలుపెట్టండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

మిలాన్ నుంచీ వెనిస్ నుంచీ రైల్లో గంటంబావు దగ్గర పడుతుంది. మేం మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా నేరుగా వచ్చే రైలెక్కాం, అయిదున్నర గంటలు. కొండలు చూస్తూ నాన్న నిద్రపోలేదు. దిగాల్సిన స్టేషను వెరోనా పోర్తా నువోవా. అక్కడి నుంచి తిన్నటి రోడ్డులో ఇరవై నిమిషాలు నడిస్తే పియాజ్జా బ్రా.

రాత్రికి వెరోనాలోనే ఉండండి. ఆట ముగిసేసరికి పన్నెండున్నర, ఒంటిగంట అవుతుంది. వెనిస్‌లో హోటలు తీసుకుని "చివరి రైలు పట్టుకుందాంలే" అనుకునేవాళ్ళు మూడో అంకంలో వాచీ చూసుకుంటూ లేచిపోతుంటారు. నడిచి వెళ్ళగలిగే దూరంలో గది ఉంటే చాలు, ఎంత చిన్నదైనా పర్వాలేదు. ఒపెరా రాత్రుల్లో గదుల ధరలు పెరుగుతాయి, కాబట్టి టికెట్టు కొన్న రోజే గది కూడా తీసేసుకోండి.

సంచిలో ఏముండాలి

దిండు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. లోపల అద్దెకి దొరుకుతుంది, బయట వీధిలో స్పాంజివి అమ్ముతారు. నేను ఇంటి నుంచి గాలి ఊదుకునేవి తీసుకెళ్ళాను. రాయి పగలంతా ఎండకి కాగి ఉంటుంది. తొమ్మిదింటికి కూర్చున్నప్పుడు కింద నుంచి పెనం మీద కూర్చున్నట్టు సెగ తగులుతుంది. అదే రాయి పదకొండున్నరకి చల్లబడిపోతుంది, గాలి కూడా తిరుగుతుంది. అందుకే జూలైలో కూడా శాలువా కావాలి. నేను చెబితే అమ్మ నవ్వింది. "బెజవాడ ఎండలాగుంటే శాలువా ఏంటి రా" అంది. మూడో అంకంలో నాది కూడా లాక్కుని కప్పుకుంది.

చిన్న బైనాక్యులర్లు ఒకటి ఉంటే ఇద్దరు ముగ్గురు మార్చుకోవచ్చు. ప్లాస్టిక్ రెయిన్ కోటు తప్పనిసరి. గొడుగు విప్పితే వెనకవాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు. గాజు సీసాలు, డబ్బా డ్రింకులు గేటు దగ్గరే ఆపేస్తారు. పెద్ద బ్యాగులు, సూట్‌కేసులు కూడా రానివ్వరు, గదిలోనే వదిలేసి రండి. మెట్ల మీద జనం రొట్టె, చీజు, పళ్ళు విప్పుకుని తింటూ ఉంటారు, అది పాత అలవాటు. మా పులిహోర డబ్బాను గేటు దగ్గరి అమ్మాయి మూత తీసి చూసి, వాసన చూసి, నవ్వి పంపించింది. ఈ నియమాలు ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి టికెట్టుతో పాటు వచ్చే ఈమెయిలు ఒకసారి చదవండి.

బట్టల సంగతి. కింద కుర్చీల్లో ముస్తాబై వస్తారు. నిక్కర్లు, బనియన్లలాంటి టీషర్టులు అక్కడ ఒప్పుకోరు. మెట్ల మీద ఎవరూ పట్టించుకోరు, కానీ చెప్పులు మాత్రం పట్టున్నవి వేసుకోండి. అమ్మ పట్టుచీర కట్టుకుంది. జర్మన్ ముసలావిడ ఒకామె విరామంలో వచ్చి కొంగు పట్టుకుని చూసి వెళ్ళింది. చీర కట్టుకునేవాళ్ళు ఎత్తు మెట్లు ఎక్కేటప్పుడు కుచ్చిళ్ళు చేత్తో పట్టుకోవాలి. ఇది అమ్మ రాయమంది.

ఆ రోజు సాయంత్రం

మధ్యాహ్నం నిద్రపోండి. ఇటలీవాళ్ళు కూడా అదే చేస్తారు.

ఆరున్నరకల్లా భోజనం ముగించండి. పియాజ్జా బ్రాలో గులాబీ రంగు రాళ్ళు పరిచిన వెడల్పాటి నడకదారి ఉంది, 'లిస్తోన్' అంటారు, దాని వెంట వరసగా హోటళ్ళు. చూడటానికి బాగుంటాయి, ధరలూ అలాగే ఉంటాయి. రెండు సందులు లోపలికి వెళితే మంచి తిండి తక్కువకి దొరుకుతుంది. ఒక జాగ్రత్త. వెరోనావాళ్ళు గుర్రం మాంసం తింటారు, అది వాళ్ళ పాత వంటకం. మెనూలో 'కవాల్లో' అని గానీ 'కవాల్' అని గానీ కనిపిస్తే అదే. శాకాహారులకి మార్గరీటా పిజ్జా, లోపల గుమ్మడికాయ కూరిన తోర్తెల్లి అనే పాస్తా ఉంటాయి. ఇక్కడి అమరోనె వైన్‌లో ఉడికి ఎర్రబడిన అన్నం, 'రిసొత్తో', కూడా ఉంటుంది, కాకపోతే అందులో మాంసం రసం కలుస్తుందేమో అడగాలి. పర్మెసాన్ చీజులో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం ఉంటుంది. నిష్ఠగా ఉండేవాళ్ళు అది లేకుండా చెప్పుకోవాలి.

ఆట తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య మొదలవుతుంది. ఆగస్టులో పొద్దు త్వరగా పోతుంది కాబట్టి కాస్త ముందుకి జరుపుతారు, టికెట్టు మీద చూసుకోండి. గేట్లు చాలా ముందే తెరుస్తారు. సీటుకి నంబరు లేని మెట్ల టికెట్టయితే తెరిచే వేళకే వరసలో ఉండండి. నంబరున్నా గంట ముందు వెళ్ళడం మంచిది. ఆ గంట వృథా కాదు. జూన్ చివర్లో తొమ్మిదింటికి కూడా వెలుతురుంటుంది. ఎర్రటి రాయి మెల్లగా బూడిద రంగులోకి తిరుగుతుంది. కింద వాద్యగాళ్ళు ఒకరొకరుగా వచ్చి శ్రుతి చూసుకుంటారు.

మరుగుదొడ్డికి అప్పుడే వెళ్ళి రండి. విరామంలో క్యూ చూస్తే గుండె ఆగిపోతుంది.

చీకటి పడేవేళ జనం చిన్న కొవ్వొత్తులు వెలిగిస్తారు. మొదటి రోజుల్లో చీకట్లో పాటల పుస్తకం చదువుకోవడానికి వెలిగించేవాళ్ళని చెబుతారు. పది వెలుగుతాయి, వంద, తర్వాత చుట్టూ మెట్లన్నీ. మా నాన్న పక్కనున్నావిడ దగ్గర నిప్పు అంటించుకుని, రెండు చేతులు అడ్డం పెట్టి, గాలికి ఆరకుండా కాపాడుతూ కూర్చున్నారు. "కార్తీక పున్నమికి కృష్ణ ఒడ్డున ఉన్నట్టుంది" అన్నారు. అప్పుడు వేషం కట్టిన ఒక అమ్మాయి వేదిక మీదికొచ్చి గంట మోగిస్తుంది. గుడి గంటలా కాదు, పెద్ద కంచు పళ్ళెం. ఆ మోత రాతిలో తిరిగి తిరిగి ఆగేదాకా ఎవరూ మాట్లాడరు.

వాన

దీని గురించి ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే నా మొదటి టికెట్టు మొత్తం దీనికే పోయింది.

ఉత్తర ఇటలీలో వేసవి సాయంత్రాల్లో కొండల మీద నుంచి ఉరుముల వానలు ఉన్నట్టుండి దిగుతాయి. పైకప్పు లేదు. నియమం సూటిగా ఉంటుంది: ఆట మొదలవకముందే రద్దయితే డబ్బు తిరిగొస్తుంది. ఒక్కసారి మొదలయ్యాక ఆగిపోతే రాదు. ఎంతసేపు ఆడారన్నది లెక్కలోకి రాదు. అందుకే వాన పడుతుంటే మొదలుపెట్టడాన్ని చాలాసేపు వాయిదా వేస్తూ పోతారు. మేఘం తొలగితే పదిన్నరకైనా మొదలుపెట్టేస్తారు. మీరు విసిగి గదికి వెళ్ళిపోయి, ఆ తర్వాత మొదలైతే, అది మీ నష్టం.

వాన వస్తుందో లేదో ఆకాశం చూసి చెప్పక్కర్లేదు, వాద్యగాళ్ళను చూడండి. మొదటి చినుకు పడగానే వయొలిన్లవాళ్ళు వాయిద్యాలను ఒళ్ళోకి లాక్కుని లేస్తారు. వందల ఏళ్ళ నాటి చెక్క తడిస్తే పాడైపోతుంది. ఆ వెంటనే మిగతావాళ్ళు కూడా. నా మొదటి రాత్రి అలా క్షణంలో పిట్టలెగిరిపోయినట్టు ఖాళీ అయ్యింది. పాడుతున్న ఆమె వాక్యం మధ్యలో ఆగిపోయి, చేతులు రెండూ పైకెత్తి ఆకాశం వైపు చూపించి, నవ్వుతూ లోపలికి వెళ్ళింది. మేం ఇంకో గంట తడిసి కూర్చున్నాం. తర్వాత స్పీకర్లో ఇటాలియన్‌లో ఏదో చెప్పారు. నాకు అర్థమైంది ఒక్క ముక్కే, చుట్టూ వాళ్ళంతా లేస్తున్నారని.

చినుకులు మొదలైతే కింది కమానుల్లోకి వెళ్ళి నిలబడండి, బయటికి మాత్రం పోవద్దు. తడి రాయి సబ్బులా జారుతుంది, దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగండి.

చప్పట్లు, ఈలలు, వన్స్ మోర్

మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది: ఈల వేయకండి. మన దగ్గర ఈల వేస్తే హీరో అదరగొట్టాడని. ఇటలీలో ఈల వేస్తే పాట చెడగొట్టావని. నాన్న రెండు వేళ్ళు నోట్లో పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

నచ్చితే పాట అయ్యాక చప్పట్లు కొట్టొచ్చు, అంకం ముగిసేదాకా ఆగక్కర్లేదు. మగ గాయకుడికి 'బ్రావో', ఆడ గాయనికి 'బ్రావా', అందరికీ కలిపి 'బ్రావి'. పాట జరుగుతుండగా గుసగుసలు కూడా వద్దు. మైకులు లేవు కాబట్టి మీ చిప్స్ ప్యాకెట్టు చప్పుడు పది వరసల దాకా వినిపిస్తుంది. ఫోను వెలుగు అంతకన్నా ఎక్కువ చిరాకు. ఆట మధ్యలో వీడియోలు తీయనివ్వరు.

'నబుక్కో' మూడో భాగంలో బాబిలోన్‌లో బందీలైన యూదులు తమ దేశాన్ని తలుచుకుంటూ ఒక బృందగానం పాడతారు. పెద్ద కేకలేమీ ఉండవు, నీళ్ళు పారినట్టు నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ముగుస్తుంది. మేం రెండో రాత్రికి అది చూశాం. చివరి శబ్దం ఆగగానే మెట్లన్నీ లేచాయి, నాలుగు వైపుల నుంచి "బిస్! బిస్!" అని కేకలు.

నాన్న నా వైపు తిరిగి, "ఏమంటున్నార్రా?" అన్నారు.

"వన్స్ మోర్ అంటున్నారు నాన్నా."

ఆయన ఒక క్షణం నన్ను నమ్మలేదు. తెనాలిలో పద్యనాటకాల ముందు వరసలో కూర్చుని, హార్మోనియం ఆగకముందే వన్స్ మోర్ అని అరిచిన మనిషి. ఆ తర్వాత లేచి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, తెలుగు గొంతుతో "వన్స్ మోర్" అని ఒక్క కేక పెట్టారు. కింద కండక్టర్ కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ కర్ర ఎత్తాడు. పాట మొదటి నుంచి మళ్ళీ వచ్చింది. నాన్న కూర్చోలేదు, నిలబడే విన్నారు. వెనకవాళ్ళు కూడా నిలబడే ఉన్నారు కాబట్టి సరిపోయింది.

చివరి అంకం, బయటికి దారి

చివరి విరామానికి రాత్రి బాగా పొద్దుపోతుంది. కొంతమంది సంచులు సర్దుకుంటారు. 'ఐదా' అయితే దయచేసి లేవకండి. రెండో అంకంలో అంత హంగామా చేసిన ఒపెరా, సమాధిలో ఇద్దరు మనుషులు గొంతు తగ్గించి పాడుకుంటుండగా, ఊపిరి వదిలినట్టు ఆరిపోతుంది. అంత పెద్ద చోటులో అంత చిన్న శబ్దం వినడానికి వేల మంది ఊపిరి బిగపట్టడమే ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన క్షణం. అప్పుడు ఎవరైనా మెట్ల మీద చెప్పులు టకటకలాడిస్తూ దిగుతుంటే కొట్టాలనిపిస్తుంది.

అయ్యాక తొందరపడొద్దు. అందరూ ఒకేసారి ఇరుకు కమానుల్లోకి దిగుతారు, అంతా మెట్లే. పదిహేను నిమిషాలు కూర్చుంటే మెట్లు ఖాళీ అవుతాయి, పెద్దవాళ్ళను నెమ్మదిగా దించొచ్చు. ఫోను టార్చి వేసుకోండి. అద్దెకి తీసుకున్న దిండు వెనక్కి ఇచ్చేయండి, వరస కింద ఒకసారి వెతుక్కోండి. అమ్మ కళ్ళజోడు రెండు మెట్ల కింద దొరికింది.

బయట అర్ధరాత్రి దాటినా కూడలి మేలుకునే ఉంటుంది. ఐస్‌క్రీం కొట్లు తెరిచే ఉంటాయి. రెండో రాత్రి, 'నబుక్కో' అయ్యాక, మేం ముగ్గురం ఫౌంటెన్ దగ్గరి బెంచీ మీద కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాం. గోడ పక్కనే క్రేన్ అప్పటికే పని మొదలుపెట్టింది. మర్నాటి ఒపెరా కోసం బాబిలోన్ గోడలు ఒక్కొక్కటిగా గాల్లోకి లేచి బయటికి దిగుతున్నాయి. రెండో ముక్క దిగేదాకా నాన్న కదల్లేదు.